ఓల్వెన్ అత్తను షెడ్డులో పెట్టడం

ఎమ్లిన్‌గారి లారీ వేల్స్ వెళుతుందా, షానన్ వెళుతుందా అన్నది ఆదివారం పొద్దున్నే తేల్చేస్తానని చెప్పేసి అబిగేయిల్ కారెక్కి వెళ్లిపోయింది. చెప్పింది వాళ్ల నాన్నకే అయినా కంచెకి ఇవతల బట్టలు ఆరేస్తున్న మంగాదేవికి కూడా ప్రతి మాటా వినపడింది. ఎమ్లిన్‌గారికి ఎడమ చెవి బొత్తిగా వినపడదు, కుడి చెవి దానికి బుద్ధి పుట్టినప్పుడు వినపడుతుంది. అందుచేత ఆ ఇంటి రహస్యాలన్నీ వీధిలో అందరికీ తెలిశాకే ఆయనకు తెలుస్తాయి.

"విన్నావా మంగా?" అన్నాడాయన కంచె మీద మోచేతులు ఆనించి.

"నాకెందుకు వినపడుతుందండీ ఎమ్లిన్‌గారూ," అంది మంగాదేవి. ఇంగ్లీషులో ఎంత మాట్లాడినా ఎనభై ఏళ్ల మనిషిని ఉత్త పేరు పెట్టి పిలవడానికి ఆవిడకి నోరు రాదు. ఆ 'గారు' ఏమిటని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఇంటిపేరు లాంటిదేదో ఇచ్చిందనుకుని పుచ్చుకున్నాడు.

వేల్స్ వెళ్లడమంటే మే నెలలో జరిగే పాత లారీల యాత్ర. డబ్లిన్ రేవులో ఓడెక్కి, హోలీహెడ్‌లో దిగి, కొండల మధ్య పాత దారిన ఎమ్లిన్‌గారు కుర్రతనంలో పనిచేసిన ఊరి దాకా. షానన్ వెళ్లడమంటే ఐర్లండ్ అవతలి కొసనున్న ఆ ఊళ్లో ఒక హోటలాయన లారీని కొంటానని కూర్చున్నాడు. కొని, గుమ్మం ముందు నిలబెట్టి, వెనక తొట్టి నిండా మట్టిపోసి, పూలమొక్కలు వేస్తాడట. అతిథులు ఫోటోలు దిగుతారట.

"పూలు మంచివేలే," అన్నాడు ఎమ్లిన్‌గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం, బతికున్న మనిషికి దండేసిన ఫోటోలా ఉంది.

లారీ లేలాండ్ కామెట్. మెరూన్ రంగు, మీగడ రంగు పట్టీ, తలుపు మీద 'గెథిన్ బ్రదర్స్' అని అక్షరాలు, ముందు అద్దం పైన 'ఆంట్ ఓల్వెన్' అని పేరు. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌కి తను కాపురం వచ్చిన కొత్తలో, ఆయన ఆ బండిని ఇంటి ముందు ఆపి తుడుస్తుంటే మంగాదేవి చూసి, "మా నాన్నదీ కామెటేనండీ," అంది.

"కామెట్టా? ఎక్కడ?"

"బెజవాడలో."

ఆయన తుడవడం ఆపేశాడు. అప్పట్నుంచి సాయంత్రం టీ వేళకి కంచె దగ్గర సభ.

మంగాదేవి పెళ్లిసంబంధాలు చూసేటప్పుడు వాళ్లమ్మ "మాది ట్రాన్స్‌పోర్టు బిజినెస్సు" అని చెప్పేది. అంటే ఒక లారీ, ఒక క్లీనరు. మగపెళ్లివారు దిగింది ఆ లారీలోంచే కనక పెళ్లికొడుకు జానకిరామ్‌కి బిజినెస్సు ఎంత పెద్దదో ముహూర్తానికి ముందే తెలిసిపోయింది. దాని గురించి ఇంట్లో మరి మాట రాలేదు. తండ్రి లారీ గురించి పక్కింటి వేల్స్ ఆయన అడిగినన్ని ప్రశ్నలు కట్టుకున్నవాడు ఏనాడూ అడగలేదు.

ఎమ్లిన్‌గారి కబుర్లకు మాత్రం అంతుండేది కాదు. ఆయన డ్రైవరుగా పనిచేసిన గెథిన్ అన్నదమ్ములు ఏదో గొర్రెపోతు విషయంలో మాటలు మానేసుకున్నారట. కంపెనీ మాత్రం విడగొట్టుకోలేదు. ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని డ్రైవర్ల చేత కబుర్లు పంపించుకునేవారట. "మా అన్నకి చెప్పు, లివర్‌పూల్ లోడు రేపటికి పడిందని." అన్న అక్కడే వింటూ, "మా తమ్ముడికి చెప్పు, విన్నానని."

"మా అత్తగారింట్లో ఆ పని కోడళ్లం చేసేవారం," అంది మంగాదేవి.

లారీలన్నిటికీ మేనత్తల పేర్లు. అత్త పేరుంటే డ్రైవర్లు బండిని మర్యాదగా నడుపుతారని పెద్ద గెథిన్ నమ్మకం. ఇళ్ల కప్పులకు వేసే నల్ల పలకరాళ్లు నిండా ఎత్తి, టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించి కొండ ఎక్కిస్తుంటే, ఓల్వెన్ అత్త నిజంగానే అత్తలా రొప్పేదట. డ్రైవరు దిగి, పక్కనే నడుస్తూ పొదల్లో బ్లాక్‌బెర్రీ పళ్లు కోసుకుని, మళ్లీ ఎక్కి కూర్చునేవాడట.

మంగాదేవి నమ్మలేదు. కాదనా లేదు. దోర్నాల ఘాట్ ఎక్కేటప్పుడు సీతాఫలాలు అలాగే కోసుకున్నానని వాళ్ల నాన్న చెప్పేవాడు. లారీ డ్రైవర్ల అబద్ధాలకి పర్మిట్లు అక్కర్లేదు, ఏ దేశంలోనైనా చెల్లుతాయి.

తరవాత పెద్ద రోడ్లు పడ్డాయి, పెద్ద లారీలొచ్చాయి, గెథిన్ గేటుకు తాళం పడింది. డబ్లిన్ పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయిన ఎమ్లిన్‌గారు, పాతఇనుములోకి పోబోతున్న ఓల్వెన్ అత్తను తెచ్చుకుని ఏళ్ల తరబడి బాగుచేసుకున్నాడు. భార్య పోయాక ఆయన పొద్దున్నే మంచం దిగడానికి కారణం ఆ బండే. ఆ సంగతి అబిగేయిల్‌కీ తెలుసు. అందుకే వెంటనే అమ్మెయ్యకుండా పరీక్ష పెట్టింది.

పరీక్ష వెనక్కి నడపడం. ముందుకి నడిపితే ఆయనకు వంక పెట్టేవాడు లేడు. కళ్లు బాగున్నాయి, డాక్టరు కాయితం ఉంది. కానీ మెడ తిరగదు, కేక వినపడదు. లారీ ఉండేది ఇండస్ట్రియల్ ఎస్టేటులో టైల్స్ గోడౌనుకీ జిమ్ముకీ మధ్య సందు చివర షెడ్డులో. పోయిన నెల వెనక్కి పెడుతూ జిమ్ము వాళ్ల కమ్మీ వంచేశాడు. వాళ్లు గార్డ్స్‌కి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్ చెయ్యబోయి, దిగిన మనిషిని చూసి టీ ఇచ్చి పంపారు. "అక్కడ మనిషి నిలబడి ఉంటే?" అంది అబిగేయిల్.

"ఏమండీ, మీరేమైనా చెయ్యగలరా?" అని మంగాదేవి మొగుణ్ణి అడిగింది.

"వెనక కెమెరా పెడితే సరి. గంట పని," అన్నాడు జానకిరామ్. చెర్రీవుడ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆయనది. ఆయన గంట పని అన్నాడంటే మంగాదేవి రెండు పూటలకీ వండి పెట్టేసుకుంటుంది.

శనివారం కెమెరా పెట్టారు. ఫోను ఎమ్లిన్‌గారి ముందు అతికించారు. కామెట్ ఇంజను మొదలైతే దాని మీద ఉన్నవన్నీ వణుకుతాయి, డ్రైవరు పళ్లతో సహా. ఫోనులో ముందు ఆకాశం కనిపించింది, తరవాత జానకిరామ్ బూట్లు, ఆ తరవాత ఏమీ లేదు. కెమెరా చక్రం కింద దొరికింది.

"రికార్డింగు మాత్రం బాగా వచ్చింది," అన్నాడు జానకిరామ్ ఇంటికొచ్చాక. "ఆఖరి క్షణం దాకా."

ఆదివారం చినుకులు. అబిగేయిల్ కాఫీ కప్పు పట్టుకుని సందు మొదట్లో నిలబడింది. జిమ్ములోంచి ఇద్దరు కండలవాళ్లు, గోడౌనులోంచి ఒకాయన, గొడుగుతో జానకిరామ్, ఫ్లాస్కుతో మంగాదేవి. ఎమ్లిన్‌గారు మెరూన్ టై కట్టుకొచ్చాడు. సందులోకి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడో లేదో, అందరూ తలో పక్కనుంచీ అందుకున్నారు. ఒకడు ఎడమకంటాడు, ఒకడు కుడికంటాడు. గోడౌను ఆయన రెండు చేతులూ ఊపాడు. అది రమ్మనో వద్దనో ఆయనకే తెలియాలి. జానకిరామ్ గొడుగుతో డిగ్రీలు చూపించాడు. పెళ్లికొడుకు పంచె కట్టుకుంటుంటే బావలందరూ ఒక్కసారి సాయం పట్టినట్టుంది.

లారీ సందుకి అడ్డంగా, గేటు స్తంభానికి జానెడు దూరంలో ఆగిపోయింది. ముందుకు లాగి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అక్కడికే వచ్చింది. మూడోసారి ఆయన ప్రయత్నించలేదు. ఇంజను ఆపకుండానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చాల్లే అబీ. షానన్ ఆయనకి ఫోన్ చేసెయ్."

అబిగేయిల్ ఫోను తియ్యలేదు. కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడింది.

మంగాదేవికి ఆ మాట కంటే ఇంజను చప్పుడే ఎక్కువ వినపడుతోంది. ఖాళీగా తిరుగుతూ, మధ్యలో ఒక్కసారి గొంతు సవరించుకునే ఆ చప్పుడు. ఆటోనగర్‌లో వర్క్‌షాపుల మధ్య సందులు దీనికంటే ఇరుకు. నాలుగు బళ్ల హారన్లలో ఏ డ్రైవరుకి ఎవరి కేక వినపడుతుందని? క్లీనర్ పాండురంగ నోటితో అరుస్తూనే ఉండేవాడు గానీ, వాడి అసలు భాష అరచేతిది. వేసవి సెలవుల్లో వాడు మ్యాట్నీకి పారిపోయిన రోజుల్లో ఆ అరచెయ్యి ఉద్యోగం మంగాదేవిది. ఆడపిల్ల లారీ వెనక పరిగెత్తడమేమిటని అమ్మ తిట్టేదాకా చేసింది.

ఫ్లాస్కు మొగుడి చేతికిచ్చి, స్తంభం పక్కగా వెళ్లి, లారీ తొట్టి చెక్క మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. గట్టిగా.

క్యాబిన్‌లో ఎమ్లిన్‌గారు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. బండి అప్పటికే ఆగి ఉంది. అయినా తొక్కాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"వినపడిందాండీ?"

"వీపుకి వినపడింది."

"ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే రావాలి. ఏ పక్క కొడితే ఆ పక్క జాగా ఉన్నట్టు."

"మా దగ్గర ఒకడుండేవాడు. వాడు బూటుతో తన్నేవాడు."

"నేను చెప్పులతో వచ్చాను లెండి."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. మంగాదేవి మిగతావాళ్ల వైపు తిరిగి, "ఫ్లాస్కులో టీ ఉంది, అందరూ తీసుకోండి," అంది. నోళ్లు మూసుకోండని చెప్పడానికి ఆవిడకి తెలిసిన మర్యాదైన మార్గం అదే.

ముందుకు లాగించి, తరవాత రెండు చరుపులు. లారీ వచ్చింది. ఎడమ పక్క రెండు. వెనక భాగం సందు వైపు తిరిగింది. కుడి పక్కకి పరిగెత్తి రెండు. చేతికి చెక్క వణుకు తెలుస్తోంది, ఆ వణుకులో ఆయన కాలు క్లచ్చు మీద ఎంతుందో కూడా తెలుస్తోంది. "రానీ... రానీ... రానీ..." ఎవరో అరుస్తున్నారు. అది తన గొంతేనని మంగాదేవికి కాసేపటికి గానీ తెలియలేదు. "స్టీరింగ్ కొయ్యి ఎడమకి... రానీ... నిండా రానీ..." ఒక్క చరుపు. ఆగింది. స్తంభానికీ బండికీ మధ్య పిడికిలి పెట్టి చూసి, మళ్లీ రెండు.

ఓల్వెన్ అత్త ఎక్కడా తగలకుండా షెడ్డులోకి వెళ్లి కూర్చుంది.

కండలవాళ్లు చప్పట్లు కొట్టారు. జానకిరామ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఆయన కారు పార్కు చేస్తుంటే పక్కన కూర్చుని 'జాగ్రత్తండీ' తప్ప మరో మాట అనని మనిషి ఈవిడ.

"అదృష్టం కావచ్చు," అంది అబిగేయిల్. "బయటికి తీసి మళ్లీ పెట్టండి."

తీశారు. పెట్టారు. రెండోసారి ఇంకా తొందరగా పెట్టారు. ఎమ్లిన్‌గారు మొహం మీద నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ చేతకాలేదు.

అబిగేయిల్ తండ్రి దగ్గరికి వచ్చి కుడి చెవి వైపు నిలబడింది. "బాగుంది నాన్నా. కానీ రేవులో ఎవరు కొడతారు? అక్కడ లారీలు నిలిపే పొలాల్లో, ఆ సందుల్లో? నేనా? నాకు లారీకి ఏ పక్క ఎడమో తెలియదు."

ఆయన నవ్వు పోయింది. ఆమె అడిగింది న్యాయమే.

"నేనొస్తాను," అంది మంగాదేవి.

"ఎక్కడికి?" అన్నాడు జానకిరామ్.

"వేల్స్."

"వీసా?" అలవాటు కొద్దీ ఆయన నోట్లోంచి వచ్చేసింది.

"పోయినేడు ఐరిష్ పాస్‌పోర్టు ఇచ్చారుగా. అప్పట్నుంచి బీరువాలో పడుకునుంది. దానికీ కాస్త గాలి తగలాలి."

"ఆ క్యాబిన్‌లో హీటరు కూడా లేదు మంగా."

"మా నాన్న లారీలో ఏసీ ఉందా?"

"మీ నాన్న లారీలో నేను ఎక్కి వచ్చింది మే నెలలోనే," అన్నాడు జానకిరామ్. "పెళ్లి సూటులో. నువ్వు వెళ్లు."

అబిగేయిల్ ఫోను తీసి షెడ్డు బయటికి నడిచింది. షానన్ ఆయనకు ఏం చెప్పిందో వీళ్లకి వినపడలేదు. తిరిగొచ్చి మాత్రం మంగాదేవి అరచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఎర్రగా కందిపోయి ఉంది. "గ్లవ్స్ కొనిపెడతాను," అంది.

"వద్దమ్మా. గ్లవ్స్ వేసుకుంటే మాట ముద్దగా వస్తుంది."

మే నెల వచ్చింది. డబ్లిన్ రేవులో తెల్లవారుజామున పాత లారీలన్నీ బారులు తీరాయి. ఎర్రవీ, నీలివీ, తలుపుల మీద ఎవరెవరివో ఇంటిపేర్లు రాసుకున్నవీ. ఓల్వెన్ అత్త క్యాబిన్‌లో మంగాదేవి ఒళ్లో పులిహోర డబ్బా, కాళ్ల దగ్గర గొంగళి. ఎమ్లిన్‌గారు ప్రతి లారీనీ చూపిస్తూ, దాని కంపెనీ యజమాని ఎంత పిసినారో చెబుతున్నాడు. ఫోను మోగింది.

"కందిపప్పు ఎక్కడ?" జానకిరామ్.

"ప్రెస్‌లో." వంటింటి అలమరని డబ్లిన్‌లో అలాగే అంటారు.

"ఏ ప్రెస్‌లో?"

"స్టవ్వుకి ఎడమ పక్కది. తలుపు తియ్యండి. కింద అర. కుడికి... ఇంకాస్త కుడికి..."

"ఇక్కడ మెంతులున్నాయి."

పసుపు కోటు వేసుకున్న రేవు మనిషి వచ్చి, లారీలన్నిటినీ గోడ వారగా వెనక్కి పెట్టమని చేతులు ఊపాడు. పక్క లారీలు కదిలాయి. ఎమ్లిన్‌గారు ఆ మనిషి వైపు చూడనేలేదు. గేరు వేసుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, వీపు సీటుకి ఆనించి కూర్చున్నాడు.

"మంగా? ఉన్నావా?"

"మెంతుల వెనక చూడండి. నాకిక్కడ పనుంది," అని మంగాదేవి ఫోను పెట్టేసి, పులిహోర డబ్బా సీటు మీద ఉంచి, తలుపు తెరుచుకుని కిందికి దిగింది.