అనూరాధ ఆగే చోట

నీళ్ళు చల్లగా ఉన్నాయి.

చేతికి తెలుస్తోంది చల్లదనం. భాగ్యవతికి తెలియడం లేదు.

తెడ్డు కొసనుంచి చుక్కలు... ఒక్కొక్కటీ... మోకాలి మీద పడుతున్నాయి. తుడుచుకోవాలని కూడా లేదు. రిజర్వాయరు మీద మంచు ఇంకా లేవలేదు. గట్టు కనిపించదు, షెడ్డు కనిపించదు. ఎదర సీట్లో ఒక వీపు కనిపిస్తోంది.

ఆ వీపు అనూరాధది కాదు.

అనూరాధ వానల్లో పోయింది. ఇప్పుడు మంచు పడుతోంది.

రాజాం అవతల, రిజర్వాయరు గట్టు మీద ఓ రేకుల షెడ్డు. అందులో సన్నగా పొడుగ్గా పడవలు. బోర్డు మీద రోయింగ్ క్లబ్బు అని రాసుంటుంది గానీ, ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరు. తెడ్ల క్లబ్బు అంటారు. పెద్దవాళ్ళకి నేర్పుతారక్కడ. కొత్త బ్యాచ్, నడిమి బ్యాచ్, పోటీ బ్యాచ్. నేవీలో చేసి రిటైరైన లక్ష్మణరావు మాస్టారు నేర్పుతాడు.

భాగ్యవతి సుగరొచ్చి ఇక్కడికొచ్చింది. నడవమన్నాడు డాక్టరు. స్టీలు సామాన్ల కొట్లో పొద్దస్తమానం కూర్చునే మనిషి... నడకంటే ఒళ్ళుమంట. కూర్చుని చేసే ఎక్సర్‌సైజు ఏదైనా ఉంటే చెప్పమంది. ఉందన్నారు. ఇదిగో, ఇదీ!

అనూరాధ మొదటిరోజే కలిసింది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఇద్దరూ కలిసే పడవెక్కారు. ఇద్దరూ కలిసే నీళ్ళలో పడ్డారు. గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు.

"ఓలమ్మో! ఎనక్కి తిరిగి కూకోడమేటే? ఎటెళ్తన్నారో సూసుకోరేటి?"

నిజమే మరి. ఈ పడవలో వెళ్ళేవైపుకి వీపు పెట్టి కూర్చోవాలి. అనూరాధది ఎదర సీటు. భాగ్యవతిది దాని వెనక. వెనకమనిషి అప్పుడప్పుడు మెడ తిప్పి దారి చూసుకోవచ్చు. ఎదరమనిషి తల తిప్పకూడదు, పడవ ఒరిగిపోతుంది. వెనకమనిషికి తక్కిన పనంతా ఒకటే. ఎదర వీపు వంగితే వంగాలి. ఆ వీపు లేస్తే లేవాలి.

మాస్టారిది రోజూ ఒకటే పాట. వీపు చూడండమ్మా, వీపు.

భాగ్యవతి వీపు చూసింది.

కొత్త బ్యాచ్‌లో చూసింది. నడిమి బ్యాచ్‌లో చూసింది. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, కాయలు కాసేదాకా చూసింది. మెడ కింద పుట్టుమచ్చ ఎక్కడుందో, జడ ఏ పక్కకి జారుతుందో, చొక్కా మొదట ఎక్కడ తడుస్తుందో... పోటీ బ్యాచ్‌కి వచ్చేసరికి ఆ వీపు తన సొంత వీపుకన్నా బాగా తెలుసు. తన వీపు తనెప్పుడు చూసుకుంది గనక!

అప్పుడే వచ్చింది ఆ ఆగడం.

చేతులు చాచి... ఆగి... అప్పుడు తెడ్లు నీళ్ళలోకి దించేది అనూరాధ. రెప్పపాటు, అంతే. మొదట్లో లేదది. ఓ చలికాలంలో మొదలైంది. భాగ్యవతి గభాలున పట్టేసుకుంది. ఆమె ఆగితే ఈమె ఆగింది. ఆమె దించితే ఈమె దించింది. ఎంత బాగా కుదిరిందంటే, మాస్టారు తక్కిన బ్యాచులన్నిటినీ గట్టు మీద నిలబెట్టి చూపించాడు. కలవడమంటే అదీ, చూసి నేర్చుకోండి అన్నాడు.

భాగ్యవతి పొంగిపోయింది. గిన్నెలు కొనడానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పుకుంది. మేం ఇద్దరం కాదండీ పడవలో, ఒక్క మనిషే అంది.

తరవాత వానలొచ్చాయి. అనూరాధ రావడం మానేసింది. కాలేజీలో పరీక్షలంది ఫోన్లో. ఇంక రాలేదు.

పెద్దకర్మ నాడు, భోజనాల దగ్గర, అనూరాధ మొగుడు జయకృష్ణ మంచినీళ్ళు పోస్తూ మామూలుగా చెప్పాడు. "కిందటి సలికాలం నుంచే ఎడం సెయ్యి సాపితే నొప్పండి. ఆగి ఆగి సాపీది. రొమ్ములో గడ్డ. ఎవులకీ సెప్పనిచ్చీది కాదు. ఆస్పత్రికెళ్ళీసరికి ఊపిరితిత్తుల్లోకి పాకిపోనాది."

భాగ్యవతి విస్తట్లో పప్పన్నం కలుపుతోంది. కలుపుతూనే ఉంది.

నొప్పి.

అది ఆమె లయ కాదు. నొప్పి.

రోజూ పొద్దున్నే ఎదర సీట్లో ఆ మనిషి నొప్పికి ఆగింది. వెనక సీట్లో ఈ మనిషి దానికి తాళం వేసింది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. మొహం చూసుంటే తెలిసేది... మొహం ఎక్కడ చూసింది? పడవ దిగేసరికి నవ్వుతూ ఉండేది అనూరాధ, గడుసు మనిషి.

ఏడుపు రాలేదు భాగ్యవతికి. ఆ రోజు రాలేదు, ఆ తరవాతా రాలేదు. కొట్టు తీసింది. బేరాలాడింది. సుగరు మాత్రలేసుకుంది. అన్నీ చేసింది. తిమ్మిరెక్కిన కాలితో నడిచినట్టు చేసింది.

పొద్దున్నే మళ్ళీ పడవలోకీ వచ్చింది.

ఇప్పుడు ఎదర సీట్లో శైలజ.

రాజాంలో బట్టల కొట్లో బిల్లులు కొడుతుంది. చీకటితో లేచి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, స్కూటీ మీద రయ్యిన వస్తుంది. ఆ పిల్లకి ఒకటే పిచ్చి, కాకినాడ పోటీలు. క్లబ్బు నుంచి ఆడవాళ్ళ పడవ ఒక్కటే వెళ్తుంది. ఏది వెళ్ళాలో ఆదివారం నీళ్ళ మీద పందెం పెట్టి తేలుస్తారు.

శైలజ ఆగదు. చేతులు చాచిందా, తెడ్డు నీళ్ళలో ఉండాల్సిందే.

వెనక భాగ్యవతి ఆగుతుంది. ఆగాలని కాదు... చేతులే ఆగుతాయి. తెడ్లు తలోసారి పడతాయి. పడవ కుంటుతుంది.

"ఏటక్కా, ఎవులి కోసం ఆగతన్నావు?"

విసుగులో అనేసింది పిల్ల. అనేశాక నాలుక్కరుచుకుంది.

ఆ అలవాటు చేతులు మర్చిపోవాలమ్మా అన్నాడు మాస్టారు.

మర్చిపోతే?

అనూరాధ తన ఒంట్లో మిగిలింది ఆ రెప్పపాటులోనే. అదీ పోతే ఇంకెక్కడుంది? నొప్పయితే మాత్రమేం... తను చూడని నొప్పి. ఇప్పుడు దాన్ని కూడా దింపేసి, పోటీకి పోతుందా? ఇంతోటి కాకినాడ కోసం! అలాగని ఈ పిల్లేం పాపం చేసింది? ఎవరి ఆగడమో ఈ పిల్ల ఎందుకు మొయ్యాలి?

ఎలా వదిలిందో భాగ్యవతికే తెలియదు. ఓ పొద్దున్న చేతులు ఆగలేదు. పడవ సర్రున పోయింది. శైలజ కెవ్వున కేకేసింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు.

భాగ్యవతికి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు భయం కూడా వెయ్యలేదు.

ఆదివారం.

పక్కన పోటీకి రాజకుమారి, ధనలక్ష్మిల పడవ. గట్టు నిండా జనం. మాస్టారు విజిలేశాడు.

వీపు వంగింది, వంగింది. వీపు లేచింది, లేచింది. ఇంక ఏ ఆలోచనా లేదు. పక్క పడవ మెల్లగా వెనకబడింది, శైలజ భుజం అవతల చిన్నదైపోయింది. గట్టు మీద ఒకటే గోల. శైలజా, శైలజా అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఇంకాస్త దూరం ఉంది. ఇంకాస్తే.

అప్పుడు ఆ వీపు ఆగింది.

చేతులు చాచి... ఆగి...

వెనకమనిషి చెయ్యాల్సింది ఏమిటో భాగ్యవతికి తెలుసు. తనూ ఆగాలి. కలవాలి. అన్నాళ్ళూ నేర్చుకున్నది అదే.

తెడ్లు వదిలేసింది.

"ఏటయిందే? నొప్పా? ఎక్కడే? సెప్పు!"

పడవ అడ్డం తిరిగింది. తెడ్లు నీళ్ళ మీద టపటపా కొట్టుకున్నాయి. శైలజ తల తిప్పింది. తిప్పకూడదు... తిప్పేసింది. పడవ ఒరిగి, ఇన్ని నీళ్ళు తాగి, ఎలాగో నిలబడింది.

ఎదర సీట్లో ఒక మొహం.

ఇన్నేళ్ళలో ఆ సీట్లో మొహం చూడడం భాగ్యవతికి అదే మొదలు. చెమటలు కారుతూ, మండిపోతూ, ఒక కన్ను గట్టిగా మూసుకుని ఉంది.

"నొప్పేటి? కంట్లో సెమట పడ్డాది! అంతే! లాగక్కా, లాగు!"

భాగ్యవతి లాగలేదు. పక్క పడవ పక్కనుంచే వెళ్ళిపోయింది. గట్టు మీద గోల అటు మళ్ళింది. రాజకుమారి పేరు వినిపించింది.

శైలజకి కాకినాడ పోయిందని అప్పుడర్థమైంది.

"నాశనం సేసీసినావు కదక్కా! అంతా నాశనం సేసీసినావు!"

ఏడుస్తూ తిట్టింది. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. తప్పేం ఉంది, తిట్టక ఏం చేస్తుంది పాపం.

భాగ్యవతి కింద చక్రాలున్న తన సీటు ముందుకి జరుపుకుంది. చెయ్యి చాపి ఆ పిల్ల ఎడం చెయ్యి పట్టుకుంది. మెల్లగా చాపింది... మోచెయ్యి మడత విడిపోయేదాకా, భుజం తెరుచుకునేదాకా. కళ్ళు ఆ మొహం మీంచి తియ్యలేదు. తన చెంపలు ఎప్పుడు తడిశాయో తెలియదు.

తిట్లు ఆగిపోయాయి. శైలజ బిక్కచచ్చి చూస్తోంది.

"నొప్పి లేదు కదా?"

"లేదక్కా..."

"ఇంకోసారి సెప్పే," అంది భాగ్యవతి. "ఇటు తిరిగి సెప్పు."