కొత్త విషయమేదీ లేదని సంతకం

మా ఆయన యెఫీమ్, నా నోట ఫీమా, గణితంలో ఎంత ఘనుడో నాకు తెలీదు గానీ, మొండితనంలో మాత్రం ఖార్కోవ్ నగరం మొత్తం మీద ఆయనకి సాటి లేరు. ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తూ, ఆయన పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌లో టైపిస్టుగా ఉన్నదాన్ని, నాకు తెలియదా!

ఆ వ్యాసం పంతొమ్మిది పేజీలు. నేనే టైపు చేశాను. గుర్తుల కోసం వదిలిన ఖాళీల్లో గ్రీకు అక్షరాలు నల్లసిరాతో నేనే దిద్దాను. అనంతమైన కొలతలుండే స్థలాలతో ఆయన పదకొండేళ్లు కుస్తీ పట్టి సాధించిన సిద్ధాంతం అది. వార్సాలో ఇంకొకాయన కూడా దాని కోసమే తంటాలు పడుతున్నాడని తెలిసింది. ఎవరిది ముందు అచ్చయితే సిద్ధాంతం వాళ్లది.

మా సోవియట్ దేశంలో పత్రికకి ఏదైనా పంపాలంటే ఒక ఫారం కావాలి. రహస్యాలు బయటికి పోకుండా, "ఈ వ్యాసంలో కొత్త విషయమేదీ లేదు" అని రచయిత సంతకం పెట్టాలి, కమిటీ ముద్ర వేయాలి. అందరూ కళ్లు మూసుకుని పెట్టేస్తారు. మా ఆయన మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాడు.

"కొత్తది లేకపోతే అచ్చెయ్యడం ఎందుకు?"

"ఫీమా, అది మాటవరసకి రాసింది. పెట్టెయ్."

"పదకొండేళ్లు నేనేమీ చెయ్యలేదని నా చేత్తో నేనే ఒప్పుకోవాలా?"

"నీ చెయ్యేమన్నా అరిగిపోతుందా? పక్క గది సవేలీ నిరుడు నాలుగుసార్లు పెట్టాడు!"

"సవేలీకేం, అతని వ్యాసాల్లో నిజంగానే ఏమీ ఉండదు."

నవ్వొచ్చింది. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు ఆయన ఆ వాక్యం కొట్టేసి, కింద "కొత్త విషయం ఉంది, పన్నెండో పేజీ చూడగలరు" అని రాసి ఇచ్చొచ్చాడు. కమిటీ కార్యదర్శి క్లావ్దియా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"జీనా, మీ ఆయనకి మతి పోయిందా? ఉందని రాశాక నేను ముద్రెలా వేస్తానమ్మా? ఇక ఇది పరిశీలనకి మాస్కో వెళ్లాల్సిందే!"

వెళ్లింది. ఏడు నెలలు అక్కడే ఉంది. నేను రోజూ దెప్పాను, ఆయన రోజూ బీట్‌రూట్ సూపు తాగుతూ విన్నాడు.

మార్చిలో ఒక సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా కూలబడ్డాడు.

"వార్సా ఆయనది అచ్చయింది. అదే సిద్ధాంతం, జీనా. ఆరు పేజీల్లో తేల్చేశాడు. చాలా అందంగా ఉంది."

అందమట! దాచుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన మొహం చూసి మింగేశాను.

పది రోజులకి మాస్కో నుంచి వ్యాసం తిరిగొచ్చింది. అభ్యంతరం లేదట, మామూలు ఫారం మీద సంతకం పెడితే పంపుకోవచ్చట. క్లావ్దియా ఇచ్చిన కొత్త ఫారం ఇంటికి తెచ్చాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడు పెడతాను. ఇప్పుడిది నిజమే కదా. ఏదీ, పెన్ను ఇలా ఇవ్వు."

పెట్టు పెట్టు అని ఏడు నెలలు ఆయన ప్రాణం తోడేసినదాన్ని, పెన్ను వీపు వెనక దాచుకుని, చచ్చినా ఇవ్వనన్నాను.