తలకిందులుగా గీసిన మొహం

మా నాన్న మనుషుల మొహాలు గీసి బతికాడు. ఒట్టి పెన్సిల్‌తో. ఫోటో ఇస్తే చాలు, చెంప మీద వెలుగు దగ్గర్నుంచి కంటి కింద ఉబ్బుల దాకా ఉన్నదున్నట్టు దించేసేవాడు. పోయినవాళ్ళని ఆ బొమ్మలో చూసుకుని జనం మా ముందుగదిలోనే భోరుమనేవాళ్ళు. "ఎంత మంచి మనసండీ మీది!" అంటూ ఆయన చేతులు పట్టుకునేవాళ్ళు. నేను లోపలి గుమ్మంలో నిలబడి పళ్ళు కొరుక్కునేదాన్ని. మనసట, మనసు!

ఎవరెవరి తల్లులో మా గోడలకి వేలాడేవాళ్ళు. మా అమ్మ మాత్రం లేదు. నేను పాకుతున్న వయసులో అమ్మ ఆయనతో వేగలేక, వారం తిరక్కుండా వచ్చి నన్ను తీసుకుపోతానని చెప్పి, పెద్దమ్మ ఇంటికి బస్సెక్కింది. బస్సు బోల్తా పడింది. నాన్న కంట తడి పెట్టలేదట. ఇంట్లో ఉన్న అమ్మ ఫోటోలన్నీ పోగుచేసి పొయ్యిలో పెట్టాడట. "నన్ను కాదనుకున్నదాని మొహం నా ఇంట్లో ఎందుకు?" అన్నాడట.

ఆ మొహం ఎలా ఉండేదో చూడాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకున్నది ఆ ఒక్క కోరికే.

"అమ్మ ఎలా ఉండేది నాన్నా?" అని అడిగితే, "మనిషిలాగే ఉండేది. పో, పోయి పెన్సిళ్ళు చెక్కు" అనేవాడు.

నేను బొమ్మలు నేర్చుకుంది కూడా అందుకే. ఆయన చెప్పినట్టల్లా వింటే, ఎప్పటికో ఒకప్పటికి మనసు కరిగి, తన జ్ఞాపకంలోంచి అమ్మని గీసిపెడతాడని నా ఆశ. పిచ్చి మొహాన్ని కదా!

నేర్పడంలో ఆయన పద్ధతి ఆయనది. అందరూ ఫోటో మీద గళ్ళు గీసి, కాగితం మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఉన్నదాన్ని పెద్దది చేస్తూ పోతారు. నాన్న అలా కాదు. ఫోటోని గళ్ళ వెంట కత్తెరతో ముక్కలు చేసేవాడు. ముక్కలన్నీ కలగలిపేసి, రోజుకొకటి, అదీ తలకిందులుగా, నా బల్ల మీద పెట్టేవాడు. "కన్ను కనబడగానే నీకు తెలిసిన కన్ను గీసేస్తావు. దద్దమ్మలు చేసే పనే అది. తలకిందులైతే కన్నుండదు, నలుపూ తెలుపూ ఉంటాయి. అదొక్కటే గియ్యి" అనేవాడు. నేను గీసింది నచ్చేదాకా తిట్టేవాడు. నచ్చాక రబ్బరు నా చేతికే ఇచ్చి తుడిపించేవాడు. ఆ ఫోటో ముక్క పెన్సిల్ పొట్టుతో కలిసి పొయ్యిలోకి పోయేది. జనం వద్దని పారేసిన ఫోటోలు ఆయన దగ్గర కుప్పలుండేవి కాబట్టి అందులో నాకు వింతేమీ తోచలేదు.

ఓ ఏడాది వానలు మొదలయ్యాక ఓ కొత్త ఫోటో ముక్కలు మొదలుపెట్టాడు. మంచి ఫోటో. నీడలు మెత్తగా ఉన్నాయి. అలాంటి నీడలు తేవాలంటే గట్టి పెన్సిల్‌తో పొర మీద పొర వెయ్యాలి, తొందరపడి మెత్తటి పెన్సిల్ పట్టుకుంటే మసి పూసినట్టవుతుంది. నాకు తెగ నచ్చింది ఆ పని. నాన్న కూడా ఎన్నడూ లేనిది పక్కనే కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. తిట్లు కూడా తగ్గాయి. నా చెయ్యి కుదిరిందని మురిసిపోయాను.

"ఎవరిది నాన్నా ఇది?" అని ఓసారి అడిగాను.

"ఎవరిదైతే నీకెందుకు? గడి చూడు."

ముక్కలు అయిపోయాయి. అన్నీ గీశాను, అన్నీ తుడిచాను. చివరిది పొయ్యిలో పడ్డాక "పర్లేదు, బాగానే గీశావు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకి పెద్దమ్మ వచ్చింది. మా గుమ్మం తొక్కడమే అరుదు, వచ్చినా నాన్నతో రెండు మాటలు మాట్లాడి పోయేది. ఆ రోజు మాత్రం వస్తూనే గోడలన్నీ కలియజూసి, "ఏదే బొమ్మ? ఇంకా వెయ్యలేదా మీ నాన్న?" అంది.

"ఏ బొమ్మ పెద్దమ్మా?"

"అదేంటే! మీ అమ్మ ఫోటో తెచ్చిచ్చాను కదా వానలకి ముందు! నువ్వు లేవు అప్పుడు. దాని చిన్ననాటి స్నేహితురాలి దగ్గర దొరికింది. పెద్ద బొమ్మ వేసి పిల్లకివ్వండి మరిదిగారూ అని చేతిలో పెట్టి మరీ వెళ్ళాను."

గిరుక్కున వెనక్కి తిరిగాను. నాన్న పెన్సిల్ చెక్కుతున్నాడు. తలెత్తలేదు.

"ఇచ్చాను వదినగారూ. రోజుకింత చొప్పున మొత్తం ఇచ్చాను. అడగండి, మీ పిల్ల దగ్గరుండి చూసుకుని గీసింది. అంత దగ్గరగా నేను కూడా చూడలేదు దాని మొహాన్ని."

పెద్దమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేను అరిచిన అరుపులకి వీధి వీధంతా మా గుమ్మంలో పోగైంది. నా చేత్తో నేనే తుడిచాను. మా అమ్మ కన్ను, మా అమ్మ పెదవి, ఒక్కో ముక్కా రుద్ది రుద్ది, ఆ రబ్బరు పొట్టు నోటితో ఊది మరీ. నీకేం పాపం చేశానురా అని కన్నతండ్రిని పట్టుకుని అడిగాను. ఆయన చొక్కా సర్దుకుని, "చూడాలని ఏడ్చావు, చూశావు. ఇంకా ఏంటి నీ గోల?" అన్నాడు.

"ఒక్క కాపీ తీయించాలన్న బుద్ధి పుట్టలేదే నాకు! దొంగచేతికి తాళమిచ్చినట్టు ఇచ్చేశానే!" అని పెద్దమ్మ నెత్తి బాదుకుంది.

ఏడిస్తే అమ్మ రాదు. నీడలు ఇంకా నా వేళ్ళలో ఉన్నాయనిపించింది. అప్పుడే కూర్చున్నాను. కాగితం మీద గళ్ళు గీసి, గుర్తున్న ముక్కల్ని ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాను. ముక్కలైతే వచ్చాయి. అన్నీ తలకిందులుగానే వచ్చాయి. ఏది ఏ గడిదో, కన్నుకీ కన్నుకీ మధ్య ఎంత దూరమో ఎవరు చెప్తారు? పెద్దమ్మ పక్కన కూర్చుని, "కాస్త కిందకేమోనే, ఉహూ, కాస్త పైకి" అంటూ ఉంది. ఏళ్ళు గడిచాయి, పాపం తనకి మాత్రం ఏం గుర్తుంటుంది! తిండీ తిప్పలూ మాని గీశాం. కుదరని చోట చెరిపి, కుదిరేలా నీడ కలిపాను.

పూర్తయ్యాక పెద్దమ్మ చూసి బావురుమంది. "ఇదేనే! ఇదే మా చెల్లి! అమ్మయ్య, వచ్చేసిందే!"

ఆ మొహాన్ని సరిగ్గా ఎరిగినవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఎంత అసహ్యమైనా అడక్క తప్పలేదు. బొమ్మ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "నిజం చెప్పు. నీకు దణ్ణం పెడతాను. ఇది అమ్మేనా?"

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. లేచి, గోడనున్న అద్దం దించి, నా మొహం కనబడేలా బొమ్మ పక్కన నిలబెట్టాడు.

"ముక్కు, గడ్డం, కనుబొమలు, చూసుకో. అన్నీ నీవే. మీ అమ్మ పోలిక నీకు లేనే లేదు, నువ్వు నా పోలిక. తెలియని చోటల్లా తెలిసిన మొహం గీశావు. అంత నేర్పినా నువ్వు బాగుపడలేదే!"

అబద్ధమేమోనని ఆశపడ్డాను. కానీ అద్దం అక్కడే ఉంది.

నేను ఆ రోజే పెద్దమ్మ ఇంటికి వచ్చేశాను. పెద్దమ్మ నాన్న మాట చెవిన పెట్టలేదు. "వాడి మొహం, వాడికేం తెలుసు" అని బొమ్మని పటం కట్టించి హాల్లో తగిలించింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. వాళ్ళు బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, తల్లీకూతుళ్ళు అచ్చు గుద్దినట్టున్నారే అంటారు. పెద్దమ్మ మొహం వెలిగిపోతుంది. అవునండీ అని నేను కూడా నవ్వుతాను.