పెరటి కొళాయి

కోసపాళయంలో మా గోడకు అవతలి ఇల్లు కనకానిది. దూరపు చుట్టం కూడాను. వాళ్ళ పెరట్లో ఒక ఇనుప కొళాయి, దాని కింద అంట్లు తోమే చప్టా, పక్కనే నీళ్ళ మోటారు. ఆ ఇంట్లో పనికి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, వీధి గేటు దగ్గరే చెప్పులు విడిచి రావాలి. కనకం అత్తగారి నాటి కట్టుబాటు. ఆ మహాతల్లి పోయింది గానీ కట్టుబాటు పోలేదు. కనకం మటుకు మడమలు పగిలి నెత్తురొస్తుందని పెరట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతుంది.

ఆ ఎండాకాలం అంట్లు తోమే చిన్నపొన్ను ఒకటే మొత్తుకుంది. తమిళావిడే గానీ ఆ ఇంట్లో చేసి చేసి మన తెలుగు ఆమెకూ పట్టుబడింది.

“అమ్మా, కొళాయి కొడతా ఉంది. చెయ్యంతా జివ్వుమంటాది.”

“పొద్దున్నించి నేను పట్టుకుంటానే ఉండాను, నన్ను కొట్టలేదే? నీ మీదే దానికి పగా ఏంది?” అని కనకం కొళాయి తిప్పి మరీ చూపించేది.

ఒకనాడు చిన్నపొన్ను కెవ్వుమని అరిచి చేతిలోని ఇత్తడి బిందె వదిలేసింది. బిందె సొట్టపోయింది. కనకం నోరు ఊరుకుంటుందా?

“పనికి ఒళ్ళొంగక నాటకాలాడతా ఉండావే!”

చిన్నపొన్ను పని మానేసి వెళ్ళిపోయింది. కనకం అంతటితో ఆగిందా? కొళాయి మీద అబద్ధాలు చెప్పే మనిషని వీధంతా చాటింది. చిన్నపొన్ను చేసే మిగతా ఇళ్ళవాళ్ళూ మానిపించేశారు.

తరువాత కనకం కొడుకు ముకుందన్ ఏసీ పెట్టించాలనుకున్నాడు. కరెంటాఫీసులో, లోడు పెంచాలంటే ముందు ఎర్తింగు రూలు ప్రకారం మార్చాలన్నారు. పాత ఇళ్ళలో, కారిన కరెంటు నేలలోకి పోవాలని, ఎర్తు తీగను నీళ్ళ గొట్టానికి చుట్టేసేవాళ్ళు కదా, అదిక కుదరదట. విడిగా గొయ్యి తీసి గొట్టం పాతాలి, ఇంట్లోని ఇనుప గొట్టాలన్నింటినీ తీగతో దానికి కలపాలి.

చూడడానికి దామోదరన్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కొళాయికి టెస్టరు ఆనించగానే అందులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

“ఎవరూ ముట్టుకోకండి. మధ్యలో గొట్టం పగిలితే ప్లాస్టిక్‌ది వేయించారా? ఇంకేం, ఎర్తు నేలకు అందడం లేదు. మోటారులో కారే కరెంటు ఆ తీగ వెంబడి వచ్చి కొళాయిలోనే ఉండిపోతోంది.”

“నేను దినమూ ముట్టుకుంటానే సార్?” అంది కనకం.

ఆయన ఆమె కాళ్ళ వంక చూశాడు.

“రబ్బరు చెప్పులున్నాయి గదమ్మా. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడితే తెలుస్తుంది. ఇక్కడ అంట్లు తోమేదెవరు? ఆమె చెప్పులు వేసుకోదా?”

మామూలుగానే అడిగాడు పాపం. ముకుందన్ గేటు వైపు చూశాడు. కనకం తన కాళ్ళను చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

గొయ్యి తీశారు, ఉప్పూ బొగ్గూ పోసి గొట్టం పాతారు, మోటారు బాగుచేశారు. అన్నాళ్ళూ కనకం గోడ మీదుగా తొంగి చూడలేదు, నన్ను పలకరించనూ లేదు. ఆఖరికి ఒక పొద్దున బయలుదేరి, చాటిన ఇళ్ళన్నింటికీ మళ్ళీ వెళ్ళి, “కొళాయి కొట్టింది నిజమే, అబద్ధమాడింది నేనే” అని తల వంచుకుని చెప్పింది. కొందరు నవ్వారు. ఆ నవ్వులన్నీ ఓర్చుకుంది. ఆపైన నన్ను తోడు తీసుకుని ఆటోలో చిన్నపొన్ను ఉండే మురుంగపాక్కం వెళ్ళింది.

చిన్నపొన్ను గడప ముందు కనకం చెప్పులు విడిచింది.

“వేసుకోనే రాండమ్మా,” అంది చిన్నపొన్ను. “మా ఇంట్లో ఎవురూ ఇడిసి రమ్మనరు.”

కనకం మొహం ఎత్తలేకపోయింది. “నువ్వు చెప్పింది నిజమే. అంతా సరిచేసినారు. రా.”

“వస్తాను. చెప్పులతో వస్తాను.”

కనకం తలూపింది.

మరునాడు చిన్నపొన్ను గేటు దాటి, టపటపమని చెప్పుల చప్పుడుతో పెరట్లోకి నడిచింది. ‘అక్కడే విడువు’ అన్న మాట కనకం నాలుక చివరి దాకా వచ్చేసింది. అంత జరిగాక కూడా ఆ మాట వచ్చినందుకు ఆమె మొహం కందిపోవడం గోడ ఇవతలి నుంచి నేను చూశాను. వెంటనే తన చెప్పులు విడిచి, తడి చప్టా మీద నిలబడి, కళ్ళు మూసుకుని కొళాయి పట్టుకుంది.

“కొట్టలేదే.”

“ఇట్లా ఇవ్వండమ్మా,” అని చిన్నపొన్ను ఆమె చెయ్యి పక్కకు జరిపి, సొట్టపోయిన బిందెను కొళాయి కింద పెట్టింది.