పదకొండు మంది ఒట్టు

మూడేళ్లు వరసగా వానలు ముఖం చాటేయడంతో ఆ ఏప్రిల్లో రిజర్వాయరు అడుగంటింది. నలభై ఆరేళ్ల కింద మునిగిపోయిన పాత లోమా పావా ఊరు బయటపడింది. ముందు చర్చి గోడ తేలింది, తర్వాత సంతవీధి, ఆఖరికి శ్మశానం. గుట్ట మీది కొత్త ఊళ్లో మొక్కజొన్న చేలు ఎండిపోయి ఖాళీగా కూర్చున్న జనం గుంపులుగా గుట్ట దిగారు.

ఎర్మెలిందా కూడా బయల్దేరింది. డెబ్బై దాటిన మనిషి. మొగుడు కాసిమీరో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ బురదలో ఏముందని పోతావే? కాలు విరిగితే ఎవడు మోస్తాడు?"

"నువ్వు మాత్రం మోయవులే. పుట్టినిల్లు ఒక్కసారి చూసుకుని వస్తానయ్యా, తప్పుకో."

పుట్టినింట్లో మూడు మెట్లు మాత్రం మిగిలాయి. వాటి మీద కాసేపు కూర్చుని, అలవాటు కొద్దీ శ్మశానం వైపు నడిచింది. అమ్మ అక్కడ లేదని తెలుసు. ఆనకట్ట కట్టిన ఏడు కాసిమీరో ఆమె సమాధి తవ్వి, శవపెట్టె ఎడ్లబండి మీద పైకి తెచ్చాడు. నిండు చూలాలు కావడంతో తను కిందికి పోలేకపోయింది. గుట్ట మొదట్లో బండికి ఎదురెళ్లి, పక్కనే ఏడుస్తూ నడిచింది. ఆనాటి నుంచి ఏటా నవంబరులో పెద్దల పండుగకి కొత్త ఊళ్లో కట్టిన ఆ సమాధికి నీలం రంగు వేసి, బంతిపూలు పెడుతూనే ఉంది.

అమ్మ సమాధి పలక చెక్కుచెదరకుండా ఉంది. 'ఫాకుందా రీవాస్' అని పచ్చి సిమెంటు మీద మేకుతో తను గీసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. పక్క సమాధి చూసింది. దాని పక్కది చూసింది. ఒక్కటీ తవ్వలేదు.

ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"మా అమ్మ ఇంకా అక్కడే ఉందేమయ్యా?"

కాసిమీరో తల దించుకున్నాడు. "ఆనకట్ట వాళ్లు మూడు రోజులు గడువన్నారు. రెండో రోజు తెల్లారేసరికే శ్మశానంలో మోకాలి లోతు నీళ్లు. ఎలా తవ్వమంటావు?"

"మరి ఆ పెట్టెలో?"

"ఇటుకలు. మన పాత వంటింటివి."

"నువ్వొక్కడివేనా?"

"పదకొండు మందిమి. చర్చిలో ఒట్టేసుకున్నాం. తెలిస్తే మీ ఆడవాళ్లు గుండె పగిలి చస్తారని."

"నలభై ఆరేళ్లు నా చేత ఇటుకలకి దండం పెట్టించావా!"

"నేనూ పెట్టాను కదే."

ఆమె వీధిలోకి పోయి ఇంటింటి తలుపూ తట్టి ఆడవాళ్లకి చెప్పింది. సాయంత్రానికి ఊరంతా ఒకటే ఏడుపు. ఒట్టేసిన వాళ్లలో బతికున్నది నలుగురు ముసలాళ్లు. ఒక్కడూ గడప దాటలేదు.

మర్నాడు ఆడవాళ్లే పారలు పట్టుకుని గుట్ట దిగారు. మధ్యాహ్నానికి కాసిమీరో గునపం భుజాన వేసుకుని వచ్చాడు. అతని వెనక మిగతా ముగ్గురు. ఎవరూ పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. మే నెల వానలు పడేలోగా ఎముకలన్నీ పైకి చేర్చారు.

ఫాకుందాని పడుకోబెట్టడానికి నీలం సమాధి తెరిచారు. చివికిన పెట్టెలో ఇటుకలు ఒక మాసిన గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఎర్మెలిందా దాన్ని చేతిలోకి తీసుకుంది. కాసిమీరో పెళ్లి కోటు.

"ఇదెందుకు?" అంది. ఇటుకల సంగతి తెలిశాక మొగుడితో మాట్లాడిన మొదటి మాట అదే.

"నువ్వు బండి పక్కనే నడుస్తావని తెలుసు. లోపల ఇటుకల చప్పుడైతే వింటావని..."

ఆమె కోటు పట్టుకుని అలాగే కూలబడిపోయింది. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. కాసిమీరో ఇటుకలు ఒక్కొక్కటే బయట పెట్టసాగాడు.