వంపు మీద మనిషి

మోటారు షెడ్డులో గేజి ముల్లు ఎర్రగీతను ఆనుకుని వణుకుతోంది. స్విచ్చు దగ్గర పీట మీద కూర్చున్న బక్కోడి తల్లి దాని మీంచి చూపు తిప్పడం లేదు. ఇక్కడ ఇంత ఒత్తిడి ఉన్నా, చివరి మళ్లలో మాత్రం గొట్టం నోటి నుంచి నీళ్లు జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారుతున్నాయి.

పొలం ఆసామి కొత్త ఇంటి పక్కన గొట్టం మెలికలు తిరిగే చోట బక్కోడు జాయింటుకు గోనెపట్టా చుట్టి, దాని మీద కూర్చున్నాడు. ఒత్తిడికి జాయింటు ఊడకుండా మనిషి బరువు వెయ్యడం అక్కడి పద్ధతి. కిందటి వేసవిలో అలా కూర్చున్నవాణ్ణి గొట్టం ఎగిరి తన్నింది. దవడ పగిలినవాడు ఇప్పటికీ ఏదీ నమలలేడు. అది తలుచుకుంటే ఈమెకు ముద్ద దిగదు.

సూపర్‌వైజర్ లోపలికొచ్చాడు.

"అత్తా, రెండో మోటారు కూడా వేసెయ్."

"ముల్లు ఎక్కడుందో కనబడలేదా బాబూ?"

"కనబడింది. చివర్న నారు మాడిపోతోంది, ఆసామి నా ప్రాణం తోడేస్తున్నాడు."

"చివరిదాకా పారతాయని లెక్క కట్టింది నువ్వే కదయ్యా!"

"నా లెక్కలో గొట్టం తిన్నగా పోయింది. ఇంటి ముందు అడ్డమని ఆయన వంపుల మీద వంపులు తిప్పించాడు. పైగా గోదాంలో పడున్న సన్న గొట్టాలు వేయించాడు. ప్రతి వంపూ కొంత ఒత్తిడి మింగేస్తుంది, సన్న గొట్టం ఇంకా మింగుతుంది. మళ్లీ లెక్కేసి చూపించా, లావు గొట్టాలు కావాలన్నా. 'కూర్చోబెట్టడానికి మనుషులు లేరా' అన్నాడు."

"ఆ మాట నాకిప్పుడా చెప్పడం?"

"చెబితే ఏం చేస్తావు? నీదీ వాడిదీ కూలి పోతుంది, అంతే. అయినా నీకెప్పుడూ భయమే అత్తా. ఉరిమితే పిడుగంటావు, దగ్గితే క్షయంటావు."

ఆమె కొడుక్కి ఫోను చేసింది.

"ఒరే, దిగరా అక్కణ్ణుంచి."

"దిగితే పనిలోంచి తీసేస్తారే అమ్మా. నువ్వు మెల్లగా వెయ్యి, నేను గట్టిగా పట్టుకుంటాగా."

"గట్టిగా పట్టుకుంటే అదింకా గట్టిగా తంతుందిరా నా తండ్రీ!"

పరుగెత్తి వాణ్ణి లాక్కురావాలని ఉంది. కానీ తను లేస్తే స్విచ్చు సూపర్‌వైజర్ చేతికి దొరుకుతుంది. ఆమె చెయ్యి చాచి నడుస్తున్న మోటారును కూడా ఆపేసింది. ముల్లు ఒక్కసారిగా కిందికి వాలింది. స్విచ్చుల పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది.

"ఏంటత్తా ఇది! ఆయన చంపేస్తాడు!"

"వాడు దిగితేనే వేస్తా."

"అమ్మా," ఫోనులోంచి కొడుకు పిలిచాడు. "నీళ్లు ఆగిపోయాయేంటి? ఆసామి ఇంట్లోంచి బయటికొస్తున్నాడే."

"రానీ. నువ్వు దిగు."

ఫోనులో ఆసామి చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. గోనెపట్టా మీద నుంచి మనిషి లేచిన అలికిడి మాత్రం ఇంకా వినబడలేదు.