గడపలో చెప్పిన బై

పెద్దకూతురు లారీ కిందపడి పోయినప్పటినుంచి కుట్టుపనావిడ ఇంట్లో 'బై' అన్న మాట ఎవరూ అనకూడదు. ఆ పొద్దున చిన్నది ఫోన్‌లో స్నేహితురాలితో "సరేనే, బై" అనేసింది.

తల్లి మిషను ఆపింది. "ఎన్నిసార్లు చెబితే బుర్రకెక్కుతుందే? ఆ దిక్కుమాలిన మాటే అక్కను పొట్టన పెట్టుకుంది!"

చిన్నది కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. కర్టెన్లు కుట్టించుకుందామని వచ్చిన ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. ఆవిడ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది.

"లారీ బ్రేకులు పోతే మాటనంటావేమే?"

"మీకేం వదినా, ఎన్నైనా చెబుతారు. వెళ్లొస్తానని చెప్పవే అని మొత్తుకునేదాన్ని. వింటేనా? గడపలో నిలబడి చెయ్యి ఊపి, బై! బంధం తెంపుకుపోతున్నట్టు. ఆఖరి రోజూ అంతే. నా నోట్లో గుండుసూదులున్నాయి, ఒంటినిండా కోపముంది. తలెత్తి చూడను కూడా లేదు."

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "తెంపుకునే మాట కాదే పిచ్చిమొహమా. పూర్వం ఇంగ్లీషువాళ్లు సెలవు తీసుకుంటూ 'దేవుడు నీకు తోడుండుగాక' అనేవాళ్లు. వాడగా వాడగా అదే గుడ్‌బై అయింది. బై దాని తోకే."

"దేవుడి పేరుందా అందులో?"

"ఉండేది. అరిగిపోయింది."

రెండుపూటలా దణ్ణం పెట్టందే గుక్కెడు నీళ్లు తాగని మనిషి ఆ తల్లి. కూతురు రోజూ తెలియకుండానే దేవుణ్ణి తలుచుకుందంటే ఆవిడకు గుండె మీది బరువు కాస్త దిగినట్టనిపించింది. కానీ ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

"ఎవరు ఎవరితో అంటారు వదినా?"

"ఒకరంటే రెండోవాళ్లూ అంటారు."

"నేను అనలేదుగా."

తల్లి మిషను మీది గుడ్డ పక్కకు నెట్టింది.

"దేవుణ్ణి నాకు తోడుపెట్టి, తను మటుకు ఒక్కతే రోడ్డెక్కిందన్నమాట నా తల్లి."

"ఛ, అవేం మాటలే! ఆయన ఒకరి దగ్గరే ఉంటాడా?"

"అందరి దగ్గరా ఉంటాడనే నమ్మాను వదినా. ఇప్పటికీ నమ్ముతున్నాను." ఆవిడ గోడమీది దేవుడి పటం వైపు తిరిగింది. "మరి ఆ రోజు ఎక్కడున్నాడో అడుగుతున్నానంతే."

చిన్నది సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. ఏమని చెప్పి వెళ్లాలో తెలియక గడపలో ఆగింది. తల్లి లేచి వచ్చింది. చెప్పులు తొడుక్కుని, బస్సు ఎక్కేదాకా దాని పక్కనే నడిచింది.